ఫియట్ ఇంజనుతో పందెం కారు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా విజ్ఞాన వ్యాసం రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు నాకు ముందుగా మా మేనమామ మెకానిక్ షెడ్డు గుర్తుకు వచ్చింది. దసరా సెలవులకు హాస్టల్ నుంచి పోయినప్పుడల్లా దేవరకొండలోని ఆ షెడ్డులో ఆయనకు పానాలు అందించేవాడిని. అక్కడ ఒక మూలన పాత ప్రీమియర్ పద్మిని కారు ఉండేది. దాన్ని అందరూ ఫియట్ అనేవారు. "ఇది ఇటలీ ఇంజన్ రా అల్లుడా" అని మామ అంటే నేను నమ్మలేదు. పీజీలో చేరాక లైబ్రరీలో చదివితే అది నిజమేనని తెలిసింది. అదే వంశపు ఇంజనుతో తయారైన ఒక చిన్న పందెం కారు ప్రపంచ ప్రసిద్ధి పొందిందనీ తెలిసింది. దాని పేరు చిసిటాలియా 202.

ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఫియట్ కంపెనీ 1937లో 1089 సీసీ ఇంజనుతో 1100 రకం కారును తెచ్చింది. మన దేశంలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ 1950లలో బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్ 1100 కార్ల తయారీ చేపట్టింది. 1970లలో ఆ కారుకే పద్మిని అని పేరు పెట్టారు. ఇంజను మాత్రం అదే 1089 సీసీ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇటలీలో ఇనుము, రబ్బరు, పెట్రోలు అన్నింటికీ కరువే. ఆ సమయంలో పియెరో డూసియో అనే వ్యాపారికి పందెం కార్లు తయారు చేయాలనే కోరిక కలిగింది. ఆయన ఒకప్పుడు ఫుట్‌బాల్ క్రీడాకారుడు, తరువాత బట్టల వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. ఫియట్ ఇంజనీరు డాంటే జియకోసా ఆయనకు ఒక కారు గీసిచ్చారు. కొత్త ఇంజను తయారు చేయడం పెద్ద ఖర్చు గనుక ఫియట్ 1100 ఇంజనునే తీసుకున్నారు. చట్రాన్ని మాత్రం సన్నని ఉక్కు గొట్టాలను అతికి, సైకిలు ఫ్రేము మాదిరిగా తేలికగా చేశారు. డీ46 అనే ఆ ఒంటి సీటు కారుతో 1946లో ట్యూరిన్‌లో జరిగిన మొదటి పందెంలోనే డూసియో స్వయంగా గెలిచారు.

ఆ తరువాత వచ్చినదే రెండు సీట్ల 202. దీని రూపకల్పనలో ఇంజనీరు జొవాన్ని సవొనుజ్జి, బాడీ తయారీలో పినిన్ ఫరీనా ముఖ్యులు. అప్పటి కార్లకు మడ్‌గార్డులు, లైట్లు, బానెట్ వేరువేరుగా అతికించినట్లు ఉండేవి. ఇందులో అల్యూమినియం రేకును చేత్తో సాగగొట్టి అన్నింటినీ ఒకే చర్మంలా కలిపేశారు. అందువల్ల గాలి అడ్డుకోకుండా పక్కకు జారిపోయేది.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. పద్మిని బరువు సుమారు 900 కిలోలు, శక్తి సుమారు 40 హార్స్‌పవర్. అంటే ఒక్కో హార్స్‌పవర్ 22 కిలోలకు పైగా మోయాలి. 202 బరువు సుమారు 780 కిలోలు, ఇంజనుకు మార్పులు చేసి రాబట్టిన శక్తి సుమారు 55. ఒక్కో హార్స్‌పవర్‌కు 14 కిలోలే. అది గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది.

1947 జూన్‌లో బ్రెషా నుంచి రోముకు పోయి తిరిగి వచ్చే మిల్లె మిల్యా పందెం జరిగింది. తాజియో నువొలారి 202 రకపు టాపు లేని కారు నడిపారు. ఆయనకు అప్పటికి 54 ఏళ్లు, ఆరోగ్యం పాడైంది, ఇద్దరు కొడుకులూ చనిపోయారు. అయినా చాలాసేపు పెద్ద కార్లకన్నా ముందున్నారు. చివర్లో వాన నీరు ఇంజనులోని కరెంటు భాగాల్లోకి పోయి కారు ఆగింది. 2.9 లీటర్ల ఆల్ఫా రోమియో గెలిచింది. 2, 3, 4 స్థానాలు మాత్రం చిసిటాలియాలవే. 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ప్రదర్శించిన 8 కార్లలో 202 కూపే ఒకటి. 1972లో అది ఆ మ్యూజియం శాశ్వత సేకరణలో చేరింది.

కానీ డూసియో ఉన్నదానితో సరిపెట్టుకునే పద్ధతిని విడిచిపెట్టారు. పోర్షే సంస్థ చేత 12 సిలిండర్ల గ్రాండ్ ప్రీ కారు చేయించబోయి అప్పులపాలయ్యారు. కంపెనీ దివాళా తీసింది, ఆయన అర్జెంటీనా వెళ్లిపోయారు.

ఈ సంగతులన్నీ మామకు చదివి వినిపించాను. ఆయన చదువు ఏడో తరగతితోనే ఆగింది. అంతా విని, "ఇంజన్ ఒక్కటే గాదు రా, బరువు ఏడ తగ్గించాల్నో తెలువాలె" అన్నారు. నేను హార్స్‌పవర్లు లెక్కగట్టి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు.

తమ్ముళ్లారా! డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే అని మా ఇంట్లో గర్వపడతారు. మొదటి పాఠం మాత్రం ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను. మీరూ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాళ్ల చేతిపని గురించి అడగండి. ఆ పని వెనుక ఉన్న శాస్త్రాన్ని పుస్తకాల్లో వెతకండి.