మా ఇంట్లో గాడ్జిల్లా
(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

ఇవాళ నేను చెప్పబోయే సంగతి వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఊరగాయల గురించీ, పిల్లల జలుబు దగ్గుల గురించీ చెప్పుకునే యీ వేళప్పుడు, యీవిడ జపాను రాక్షసి బల్లుల గోల ఎత్తిందేమిటి అనుకోవచ్చు. కానీ పదేళ్ళ పిల్లవాడున్న ఇల్లాలు ఎవరైనా సరే, ఒక్కసారి వాడి పుస్తకాల సంచీ దులిపి చూడండి. లెక్కల నోటుపుస్తకం ఆఖరి పేజీల్లో తోక, ముళ్ళు, నోట్లోంచి మంటలు కక్కే బొమ్మ ఒకటి కనిపించకపోతే నన్నడగండి.

మాది ఎచ్చెర్ల. మా చిన్నవాడు హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014లో పుట్టాడు. 2024లో గాడ్జిల్లా, కాంగ్ కలిసి నటించిన సినిమా తెలుగు మాటలతో వచ్చినప్పుడు వాళ్ళ మావయ్య తీసుకువెళ్ళి చూపించాడు. అంతే, అప్పటినుంచీ వాడికి అదే లోకం. పదమూడో ఎక్కం రాదు గానీ మోత్రా, రోడాన్, గిడోరా అని ఆ మృగాల పేర్లూ, అవి ఏ సంవత్సరం పుట్టాయో, వాటి ఎత్తెంతో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. అన్నం పెడితే ముద్దలన్నీ మేడల్లా పేర్చి, వంకాయ కూరలో ముచికెతో కూలగొడతాడు.

ఒకరోజు కొత్తగా సున్నం వేయించిన గోడమీద బొగ్గుతో నిలువెత్తు గాడ్జిల్లాని దించేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు ప్రాణంగా చూసుకునే రబ్బరు బొమ్మని లాక్కుని అటకమీదికి విసిరేశాను. వాడు ఏడవలేదు. అన్నం మటుకు తినలేదు. రాత్రి పక్కలో పడుకుని మెల్లిగా అడిగాడు: "అమ్మా, కొవ్వాడలో అణుకేంద్రం కడతారట కదా. అక్కడికీ గాడ్జిల్లా వస్తాదా?"

నాకు నోట మాట రాలేదు. కొవ్వాడ మా పక్క రణస్థలం మండలంలోనే వుంది. యీ రాక్షసికీ, అణువుకూ సంబంధం ఏమిటో నాకు తెలియదు. వాడికి తెలుసు! పిల్లవాడు అంత ఆలోచిస్తున్నాడంటే, తల్లిగా నేను తెలుసుకోకపోవడం తప్పు కదా అనిపించింది. పుస్తకాలు తిరగేసి, సినిమాలు చూసి, తెలుసుకున్నది మీతో చెప్పుకుందామని వచ్చాను.

మర్నాడు పొద్దున్నే బుడగట్లపాలెం నుంచి చేపల ఆమె తట్ట దించింది. "ఏటమ్మా, బాబు అలగ ముకం మాడ్సుకున్నాడు?" అని అడిగింది. ఆ చేపల తట్ట దగ్గరినుంచే కథ మొదలుపెడతాను. ఎందుకంటే గాడ్జిల్లా పుట్టింది కూడా చేపల తట్టలోంచే.

1954 మార్చి 1వ తేదీన పసిఫిక్ మహాసముద్రంలో బికినీ దీవి దగ్గర అమెరికావారు హైడ్రోజన్ బాంబును పరీక్షించారు. హిరోషిమా మీద వేసిన బాంబుకు అది సుమారు వెయ్యి రెట్లు. ప్రమాద ప్రాంతమని హద్దులు గీశారు గానీ, ఆ హద్దుకు వెలుపల చేపలు పట్టుకుంటున్న ఒక జపాను పడవమీద తెల్లటి బూడిద వానలా కురిసింది. ఆ పడవ పేరు 'అయిదవ అదృష్ట నాగం'. పేరులో వున్న అదృష్టం వాళ్ళ నుదుట లేకపోయింది. పడవలో వున్న 23 మందీ జబ్బుపడ్డారు. సెప్టెంబరు 23న ఆ పడవలో రేడియో నడిపే కుబోయామా అనే ఆయన చనిపోయాడు.

ఇకపోతే వాళ్ళు పట్టుకొచ్చిన చేపలు అప్పటికే బజారుకి వెళ్ళిపోయాయి. యీ సంగతి పత్రికల్లో పడేసరికి జపానులో గగ్గోలు పుట్టింది. వేరే పడవలు తెచ్చిన చేపల్లో కూడా ఆ విషం బయటపడి, వందల టన్నుల చేపల్ని పారబోశారు. చేపల దుకాణాలు వెలవెలబోయాయి. చేప లేనిదే ముద్ద దిగని దేశం అది. పిల్లలకి ఏం వండిపెట్టాలి? ఇది ఏ మంత్రిగారి ప్రశ్నో కాదు, వంటింటి ప్రశ్న.

అందుకే వంటింటివాళ్ళే కదిలారు. టోక్యోలో సుగినామి అనే పేటలో, కలిసి పుస్తకాలు చదువుకునే గృహిణుల బృందం ఒకటి వుండేది. ఒక చేపల వ్యాపారి భార్య సభలో లేచి తమ బాధ చెప్పుకుంది. ఆ పేట ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి, బాంబు పరీక్షలు వద్దని సంతకాలు పోగుచేశారు. పేట దాటి, ఊరు దాటి, అది దేశమంతా పాకింది. 1955 ఆగస్టులో హిరోషిమాలో సభ జరిగేనాటికి 3 కోట్ల సంతకాలు దాటాయి. కొంగు బిగించిన గృహిణులు తల్చుకుంటే ఏమవుతుందో చూశారా!

ఆ 1954 సంవత్సరమే నవంబరు 3న తొహో అనే కంపెనీ 'గొజీరా' అనే సినిమాను విడుదల చేసింది. జపాను భాషలో గొరిల్లా పేరూ, తిమింగలం పేరూ కలిపి కుట్టిన పేరు అది. మనం గాడ్జిల్లా అంటున్నాం. సముద్రగర్భంలో నిద్రపోతున్న ప్రాచీన మృగాన్ని హైడ్రోజన్ బాంబు లేపుతుంది. మొట్టమొదటి దృశ్యంలోనే ఒక పడవ మండిపోతుంది, రేడియో మనిషి సాయం కోసం కబురు పంపుతూ మునిగిపోతాడు. ఆనాటి ప్రేక్షకులకి ఎవరు గుర్తొచ్చివుంటారో వేరే చెప్పాలా?

దర్శకుడు ఇషిరో హోండా సైన్యంలో పనిచేసి, యుద్ధం అయ్యాక ఇంటికి వస్తూ బూడిదైన హిరోషిమాను కళ్ళారా చూసినవాడు. అందుకనే ఆ సినిమా పిల్లల ఆటలా వుండదు. నగరం మండుతూ వుంటే ఒక తల్లి పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని, ఇంక నాన్నగారి దగ్గరికి వెళ్ళిపోదాం అని ఓదారుస్తుంది. ఆ చోట నేను కళ్ళు తుడుచుకున్నాను. చివరికి మృగాన్ని చంపే ఆయుధం కనిపెట్టిన శాస్త్రవేత్త, అది మరెవరి చేతిలోనూ పడకూడదని కాగితాలన్నీ తగలబెట్టి, తానూ సముద్రంలోనే వుండిపోతాడు.

ఇక యీ మాయ ఎలా చేశారంటారా? మన పండగల్లో పులివేషం కట్టినట్టే, మనిషే వేషం కట్టాడు. హరువో నకజిమా అనే ఆయన సుమారు 100 కిలోల రబ్బరు తొడుగు తొడుక్కుని నడిచాడు. నడక కోసం జంతు ప్రదర్శనశాలకి వెళ్ళి ఏనుగులూ ఎలుగుబంట్లూ అడుగు ఎలా వేస్తాయో చూసి వచ్చాడట. ఆ అరుపు ఏ జంతువుదీ కాదు, పెద్ద తంతివాద్యం తీగల్ని వదులుచేసి, జిగురు పట్టించిన తోలు చేతితొడుగుతో రాస్తే వచ్చిన చప్పుడు.

నగరమంతా బొమ్మ నగరమే. అసలు కట్టడంలో 25వ వంతు కొలతన కట్టారు. మరి రెండు మీటర్ల వేషం యాభై మీటర్ల కొండలా ఎలా కనిపించింది? కొబ్బరిచెట్టు మీదినుంచి కాయ రాలడానికి పట్టే సమయమూ, అలమారలోంచి గ్లాసు పడడానికి పట్టే సమయమూ ఒకటి కాదు కదా. యాభై మీటర్ల ఎత్తునుంచి పడే వస్తువుకి మూడు సెకండ్ల పైన పడుతుంది, రెండు మీటర్లనుంచి ఐతే సెకండు కూడా పట్టదు. అందుకని కెమెరాని అయిదు రెట్లు వేగంగా తిప్పి, మామూలు వేగంతో చూపిస్తే, బొమ్మ మేడ నిజం మేడలా బరువుగా కూలుతుంది. ఇదంతా సమకూర్చిన త్సుబురాయా గారు 1933 నాటి 'కింగ్ కాంగ్' మీద మోజుతో, దాని ప్రతిని సంపాదించి శ్రద్ధగా పరిశీలించినవాడు. అంటే ఆయనా మొదట ఒక అభిమానే!

ఇవన్నీ జపానువాళ్ళకే చెల్లాయి అనుకోకండి. మూడేళ్ళకే, 1957లో మన 'మాయాబజార్' వచ్చింది. ద్వారకా నగరం కోసం 50 అడుగుల పొడవూ 60 అడుగుల వెడల్పూ గల జాగాలో 300 దాకా బొమ్మ ఇళ్ళు కట్టి దీపాలు పెట్టారు. ఘటోత్కచుడిగా రంగారావుగారు పెరిగి పెద్దవుతూ వుంటే, మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసిన గారడీ మనం యీనాటికీ నోరు తెరిచి చూస్తాం. కొండంత ఆకారాన్ని చూసి మురిసిపోవడం మనకి కొత్త కాదు. 1966లో హిందీలో కూడా 'గోగోలా' అని సముద్రపు మృగం సినిమా తీశారు.

సరే, సినిమా అయిపోయింది. మరి అభిమానం ఎందుకు పోలేదు? మన హీరోల అభిమానులు కటౌట్లకి దండలు వేసినట్టే యీ మృగాలకీ అభిమానులున్నారు. 1966లో టెలివిజన్‌లో 'అల్ట్రామాన్' వచ్చాక జపాను పిల్లలు రబ్బరు మృగాల కోసం దుకాణాలమీద పడ్డారు. అమెరికాలో 1990ల నుంచీ చికాగో దగ్గర ఏటేటా యీ అభిమానుల జాతర జరుగుతూ వస్తోంది. తాతలూ మనవలూ కలిసి వేషాలు కట్టుకుని వస్తారు. 2004లో హాలీవుడ్ నటీనటుల వీధిలో గాడ్జిల్లాకి ఒక నక్షత్రం వేశారు. 2015లో టోక్యోలోని షింజుకు పేటవారు దాన్ని తమ పేట పౌరుడిగా చేర్చుకున్నారు!

ఆ అభిమానుల్లో కొందరు చూస్తూ కూర్చోలేదు, పని నేర్చుకున్నారు. హిదెయాకి అన్నో అనే ఆయన కుర్రతనంలో స్నేహితులతో కలిసి సొంతంగా అల్ట్రామాన్ బొమ్మ తీసుకున్నాడు. 2016లో ఆయనే 'షిన్ గాడ్జిల్లా'కి దర్శకుడయ్యాడు. యమజాకి అనే మరో అభిమాని తీసిన 'గాడ్జిల్లా మైనస్ వన్' సినిమాకి 2024 మార్చిలో దృశ్య మాయాజాలానికి ఆస్కార్ వచ్చింది. ఆ బృందం చేతుల్లో గాడ్జిల్లా బొమ్మలు పట్టుకునే వేదిక ఎక్కింది. ఏ తల్లో ఒకప్పుడు ఇలాంటి బొమ్మని అటకమీద పారేసి వుంటే ఏమయ్యేదో అని నాకు చురుక్కుమంది.

మరి పిల్లలకి అంత ఇష్టం ఎందుకు? నాకు తోచింది చెబుతాను. జపానులో భూకంపాలు, ఉప్పెనలు. మనకి తుఫానులు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. కళ్ళకి కనబడకుండా గాలిలోంచి వచ్చి కొబ్బరితోటల్ని నేలమట్టం చేసేదాన్ని పిల్లవాడు ఎలా అర్థం చేసుకుంటాడు? దానికో పేరూ, తోకా, అరుపూ పెడితే వాడికి భయం చేతికి అందుతుంది. బొమ్మగా గీస్తే సగం తగ్గుతుంది. తనకంటే పెద్దవాళ్ళంతా నిస్సహాయులైన చోట, తనకి మటుకు అంతా తెలుసుననే ధైర్యం వస్తుంది.

పైగా అన్ని మృగాలూ చెడ్డవి కావు. మోత్రా అనే పెద్ద రెక్కల పురుగు తనని నమ్మినవాళ్ళ కోసం సముద్రం దాటి వస్తుంది. 1965లో వచ్చిన గమేరా పెద్ద తాబేలు. తరువాతి సినిమాల్లో అది పిల్లల నేస్తం. మావాణ్ణి శ్రీకూర్మం తీసుకువెళ్ళి, కొండని వీపున మోసిన తాబేలు మన కథలోనూ వుందిరా అని చెబితే, వాడి కళ్ళు చూడాలి! కోవెలలో పెంచే నక్షత్ర తాబేళ్ళ ముందునుంచి ఓ పట్టాన కదలలేదు.

ఇక వాడి ప్రశ్నకి వస్తాను. "గాడ్జిల్లా కథలోనే వుంటుంది బాబూ, కొవ్వాడకి రాదు" అన్నాను. బాంబు వేరు, కరెంటు తయారుచేసే కేంద్రం వేరు అని కూడా చెప్పాను. ఐతే 2011లో జపానులో భూకంపం, ఉప్పెన వచ్చి ఫుకుషిమా కేంద్రంలో ప్రమాదం జరిగిందనీ, 'షిన్ గాడ్జిల్లా' వెనుక వున్నది ఆ దుఃఖమేననీ దాచలేదు. కొవ్వాడ కేంద్రం మంచిదా చెడ్డదా అని తేల్చడం యీ ప్రసంగం పని కాదు. కానీ భద్రత ఎంత, చేపలవాళ్ళ బతుకు ఏమిటి అని పెద్దలు అడగాలి, జవాబు రాబట్టాలి. సుగినామి గృహిణులు చేసింది అదే. "అయితే నువ్వు అడుగుతావా?" అన్నాడు వాడు. పిల్లలు మనల్ని ఎక్కడ పట్టుకుంటారో చూడండి.

సోదరీమణులారా, మీ ఇంట్లోనూ ఇలాంటి అభిమాని వుంటే నాలుగు మాటలు చెబుతాను. మొదటిది, వాడి పక్కన కూర్చుని ఒక్క సినిమా చూడండి. రెండోది, 1954 నాటి మొదటి సినిమా బరువైనది. మరీ చిన్నపిల్లలకి వద్దు, కాస్త పెద్దయ్యాక మీరు పక్కన వుండి చూపించండి. మూడోది, ఖరీదైన బొమ్మలు అడిగిందల్లా కొననక్కరలేదు. అగ్గిపెట్టెలు, అగరువత్తుల పెట్టెలు, పాత అట్టలు ఇచ్చి ఊరు కట్టమనండి. ఫోనులో నెమ్మదిగా కదిలే పద్ధతిలో తియ్యమనండి. లెక్కలూ, సైన్సూ వాటంతటవే వస్తాయి. నాలుగోది, గోడ మీద గీస్తే తిట్టండి, తప్పులేదు. కానీ దానికి బదులు ఒక అట్ట ఇవ్వండి.

రబ్బరు బొమ్మని నేనే నిచ్చెన వేసుకుని అటకమీదనుంచి దించాను. దుమ్ము తుడిచి వాడి చేతిలో పెడితే, వాడు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? దాన్ని వంటింటి గట్టుమీద, పోపులపెట్టె పక్కన నిలబెట్టాడు. "అమ్మకి కాపలా" అన్నాడు. ఇప్పటికీ అది అక్కడే వుంది. ఇంగువ వాసన కూడా పట్టింది.