పిల్లిమొగ్గలకు ప్రాయమెంత?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమలోను, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలోను పిల్లిమొగ్గలు వేయుట తెలియని పిల్లలు అరుదు. వేసవిలో వారు బావిగట్టునుండి పల్టీకొట్టి నీటిలో దూకుదురు. గడ్డివాముల చెంత దొర్లుదురు. చేతులమీద నడచువానిని చుట్టుముట్టి చూతురు. నల్లమల నడుమ వెలసిన శ్రీశైలమున గడలపై నాడువారి నేర్పును పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున వర్ణించినాడు. కావున శరీరమును స్వాధీనమొనర్చుకొని గాలిలో త్రిప్పు విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. అయితే, అట్టి విద్యకు నియమములు కూర్చి పోటీగా నడపు జిమ్నాస్టిక్స్ మాత్రము ఈ పల్లెలకు ఆలస్యముగా తెలియవచ్చినది. పదమూడేండ్ల బాలికయో బాలుడో దానినిగూర్చి తొలిసారి వినినప్పుడు పుట్టు ప్రశ్న యొక్కటే: ప్రాయము మించిపోయినదా?

ఈ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు ఆ విద్య యెట్టిదో తెలిసికొనవలయును. పోటీలలో పురుషులకు ఆరు, స్త్రీలకు నాలుగు అంశములు కలవు. నేలమీది విన్యాసము, వాల్ట్ అను దూకుడు ఇరువురకును సమానములే. స్త్రీలకు ఎత్తు తక్కువలుగల రెండు కడ్డీలును, బీమ్ అను సన్నని దూలమును ఉండును. ఆ దూలము వెడల్పు 10 సెంటీమీటర్లు, పొడవు 5 మీటర్లు, ఎత్తు 125 సెంటీమీటర్లు. జానెడు వెడల్పైన లేని ఆ దూలముపై ఎగిరి, గాలిలో తిరిగి, తిరిగి దానిపైననే నిలువవలయును. 2006 నుండి విన్యాసముయొక్క కష్టమునకు కొన్ని అంకెలు, దానిని చేసిన తీరునకు కొన్ని అంకెలు వేరువేరుగా ఇచ్చి కూడుచున్నారు.

ఇట్టి విద్యను సాధారణముగా ఐదారేండ్లకే మొదలిడుదురు. దానికి కారణములు కలవు. చిన్నపిల్లల కీళ్లు సులభముగా వంగును. పొట్టి శరీరము గాలిలో త్వరగా తిరుగును. పడుదుమేమో యను భయము వారికి తక్కువ. పైగా ఒక్కొక్క విన్యాసమును వేలమారులు చేసినగాని అది దేహమునకు అలవడదు. అందులకు ఏండ్లు పట్టును. బాలికలు సుమారు పదునొకండు పండ్రెండేండ్లకు, బాలురు పదుమూడు పదునాలుగేండ్లకు వేగముగా ఎదుగుదురు. అప్పుడు కాలుసేతులు సాగి, బరువు పెరిగి, నిన్న వచ్చిన విన్యాసము నేడు తప్పిపోవును. ఆ కాలముననే క్రొత్తగా నేర్వబూనువారికి కష్టము రెట్టింపగును.

కాని ప్రాయము కేవలము శత్రువు కాదు. పెద్దపిల్లలకు శిక్షకుని మాట బోధపడును. తప్పెక్కడ జరిగినదో వారు తామే కనిపెట్టగలరు. బాలురకు భుజబలము యౌవనముననే వచ్చును గనుక, రింగులవంటి అంశములలో పురుషులు ఇరువదేండ్లు దాటిన పిదపనే రాణింతురు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో నాడియా కొమనెచి పదునాలుగేండ్లకే పదికి పది అంకెలు పొందెను. ఇప్పుడట్లు వీలుపడదు. మరీ చిన్నవారిని అతిశ్రమకు గురిచేయరాదని తలచి, 1997 నుండి ఒలింపిక్ పోటీలలో పాల్గొను స్త్రీలకు ఆ సంవత్సరమున పదునారేండ్లు నిండవలయునని నియమించినారు.

ఆలస్యముగా మొదలిడి గెలిచినవారును కలరు. బ్రెజిలు దేశపు దైయానే దోస్ సాంతోస్ పదునొకండేండ్ల ప్రాయమున ఆటస్థలమున ఆడుకొనుచుండగా ఒక శిక్షకురాలి కంటబడెను. అప్పుడు మొదలిడిన ఆమె 2003లో నేల విన్యాసమున ప్రపంచ విజేత యయ్యెను. హంగరీ దేశీయురాలగు ఆగ్నెస్ కెలెటి, యుద్ధముచేత నష్టపోయిన ఏండ్ల పిదప ముప్పదియొక్కటవ యేట తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లి, 1956లో ముప్పదియైదవ యేట నాలుగు స్వర్ణములు గెలిచెను. హైదరాబాదు బాలిక బుద్దా అరుణారెడ్డి మొదట కరాటే నేర్చి, పిదప ఈ విద్యకు వచ్చెను. ఇరువదిరెండేండ్ల ప్రాయమున, 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్నులో జరిగిన ప్రపంచకప్ పోటీలలో వాల్ట్‌నందు కాంస్యపతకము పొందెను. ఆ పోటీలలో వ్యక్తిగత పతకము గెలిచిన తొలి భారతీయ జిమ్నాస్టు ఆమెయే.

అయినను ఉన్నమాట చెప్పవలయును. దైయానే వంటివారు వేలలో ఒకరు. పదమూడేండ్లకు మొదలిడిన వారిలో మిక్కిలి తక్కువమంది మాత్రమే అంతర్జాతీయ స్థాయికి చేరగలరు. పాలమూరు పిల్లలకు మరియొక చిక్కు కలదు. గద్వాలనుండి హైదరాబాదు దాదాపు 190 కిలోమీటర్లు. ప్రతిదినము పోయి అభ్యసించి వచ్చుట పొసగదు. హకీంపేటలోని ప్రభుత్వ క్రీడా పాఠశాలలో నాలుగవ తరగతికే పిల్లలను ఎన్నుకొందురు. ఆ సంగతి పల్లెలో తెలియునప్పటికి పిల్లవాడు ఎనిమిదవ తరగతిలో ఉండును. ఇది ఆ పిల్లవాని దోషము కాదు. కావున తమ్ముడు, చెల్లెలు ఉన్నవారు వారికైనను వేళకు తెలుపుట మంచిది.

మరి పదమూడేండ్లవారు ఏమి చేయవలయును? ముందుగా లక్ష్యమును సరిగా ఏర్పరచుకొనవలయును. పాఠశాల, జిల్లా పోటీలు, తమ నిన్నటి నేర్పును నేడు మించుట — ఇవి అందరాని పండ్లు కావు. నేర్చు వరుస ముఖ్యము: మొదట ఒడుపుగా పడుట, మోకాళ్లు వంచి దిగుట, పిదప ముందుమొగ్గ, వెనుకమొగ్గ, గోడ ఊతతో చేతులమీద నిలుచుట, ఆ పిదప బండిచక్రమువలె ప్రక్కకు దొర్లుట. గాలిలో వెనుకకు పల్టీకొట్టుట శిక్షకుడు చెంత లేక, మెత్తని పరుపు లేక ఎన్నడును చేయరాదు. నాపరాతి బండలమీద చేసిన సాహసము మెడ విరుగుటకు దారితీయును. ఎదుగు పిల్లల యెముకల కొనలు మెత్తనివి. మణికట్టు నొప్పి పుట్టినచో దాచక, విశ్రాంతి తీసికొనవలయును.

ఈ విద్యలో గడించినది వ్యర్థము కాదు. రష్యా దేశపు యెలెనా ఇసిన్‌బయేవా పదేండ్లు జిమ్నాస్టిక్స్ నేర్చి, పొడగరి యగుటచే పదునైదవ యేట దానిని విడిచి పోల్‌వాల్టు చేపట్టెను. 2004, 2008 ఒలింపిక్స్‌లో స్వర్ణములు గెలిచి, 2009లో 5.06 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఒక్క కంబముతో సాగు మల్లఖంబము, యోగాసనములు, ఈతకొలనులోనికి దూకు డైవింగు — ఇవన్నియు ఇదే దేహశిక్షణతో వచ్చునవి. పోటీలలో న్యాయనిర్ణేతలును, పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులును కావలసియే యున్నారు. నేడు ఆలస్యముగా నేర్చిన బాలిక రేపు వనపర్తిలో పిల్లలకు శిక్షకురాలైనచో, ఆ యూరి ఆరేండ్ల పాపకు ఆలస్యమను మాట ఉండదు.