హెర్పీస్ వ్యాధి - పెద్దల ధర్మము



నలుగురిలో చెప్పుటకు సంకోచింపదగిన యొక వ్యాధినిగూర్చి నేడు మనవి చేయుచున్నాను. దానిని దాచుటచే రోగము తగ్గలేదు సరికదా, సంసారములు చెడుచున్నవి.

జననాంగములపై లేచు నీ పొక్కుల వ్యాధికి హెర్పీస్ అని పేరు. ‘ప్రాకుట’ యను నర్థము గల గ్రీకు ధాతువునుండి యీ పదము పుట్టినది. మన ‘సర్ప’ శబ్దము దానికి జ్ఞాతి. పల్లెలలో సర్పి యనబడునది వేఱు. దాని వైరస్ ఈ కుటుంబములోనిదే గాని యిది కాదు.

ఈ వైరస్ రెండు తెగలు. మొదటిది తఱచుగా నోటియొద్ద పొక్కులు పుట్టించును గాని జననాంగములకును సోకగలదు. రెండవది ముఖ్యముగా సంభోగమువలన నంటును. మొదట మంట, దురద. పిదప నీటిపొక్కులు గుంపుగా లేచి, చితికి, పుండ్లగును. కొందఱికి జ్వరము వచ్చి గజ్జలలో బిళ్లలు కట్టును. కొన్ని వారములలో పుండ్లు మానినను వైరస్ నశింపదు. వెన్ను క్రిందిభాగమునందలి నరముల ముడులలో దాగియుండి, శరీరము డస్సినపుడు మరల లేవవచ్చును. ఏండ్లు గడచినకొలది యీ తిరుగబాటు సాధారణముగా తగ్గును.

పెద్దలు గ్రహింపవలసిన ముఖ్యాంశ మిది. సోకినవారిలో పెక్కుమందికి పొక్కులు కనబడనే కనబడవు. నివురుగప్పిన నిప్పువలె నది యేండ్లకొలది యుండగలదు. కావున నేడు భార్యకో భర్తకో పొక్కు లేచినంతమాత్రమున నిన్న మొన్న తప్పు జరిగినదని తీర్పు చెప్పరాదు. పెండ్లికి పూర్వమే సోకియుండవచ్చును. నోటి పొక్కులనుండియు నంటియుండవచ్చును. 2020 నాటి స్థితినిగూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారము 15-49 ఏండ్లవారిలో సుమారు 84 కోట్లమందికి జననాంగములయం దీ వైరస్ కలదు. ఇందఱికి నున్న వ్యాధి శీలమునకు కొలబద్ద కాజాలదు.

సవాయి మొదలగు నితర రోగముల పుండ్లును నిట్లే యుండవచ్చును; కావున పరీక్ష యవశ్యము. ప్రభుత్వాసుపత్రులలోని సురక్ష క్లినిక్కులలో నీ వ్యాధులకు సలహాయు చికిత్సయు లభించును. ఏసైక్లోవిర్ మాత్రలు వైద్యుని యాజ్ఞపై వెంటనే మొదలిడిన బాధ త్వరగా శమించును. వైరస్‌ను మాత్రము నిర్మూలింపవు. పుండ్లపై పసరులు, సున్నము పూయరాదు. శుభ్రముగా, పొడిగా నుంచవలయును. తాకిన చేతులు కడుగుకొనవలయును. పుండ్లున్నపుడు సంభోగము మానవలయును. తక్కిన దినములలో కండోమ్ వాడిన భయము తగ్గును గాని పూర్తిగా పోదు.

గర్భిణి యీ సంగతి వైద్యునికి దాచరాదు. నెలలు నిండు సమయమున క్రొత్తగా సోకిన శిశువునకు ప్రాణాపాయము కలుగవచ్చును. ప్రసవవేళ పుండ్లున్నచో వైద్యులు శస్త్రచికిత్సచే శిశువును దీయుదురు.

ఇట్టి తగవు మీ యెదుటికి వచ్చినచో దానిని రచ్చకెక్కనీయక, దంపతుల నిరువురను ముందుగా వైద్యునియొద్దకు బంపుడని నా ప్రార్థన.