పోలీసుల మూత్రం, సన్యాసినుల మూత్రం

1931లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బెర్లిన్ పోలీసుల మూత్రాన్ని పోగుచేయించాడు. బిందె, రెండు బిందెలు కాదు, సుమారు 15,000 లీటర్లు! అదంతా శుద్ధిచేయగా చివరికి చేతికొచ్చింది 15 మిల్లీగ్రాములు. పురుష హార్మోన్ల కుటుంబానికి చెందిన ఆండ్రోస్టెరాన్ అది. అంతకు రెండేళ్ల ముందు ఆయనే గర్భిణుల మూత్రం నుంచి ఈస్ట్రోన్ అనే స్త్రీ హార్మోన్‌ను వేరుచేశాడు. ఒకదానికి పోలీసులు, మరోదానికి గర్భిణులు ఎందుకు? చూడ్డానికి అందరి మూత్రమూ ఒకటే అయినా, లోపలి సరుకు వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి మారిపోతుంది గనుక.

అసలు హార్మోన్లు మూత్రంలోకి ఎలా వస్తాయి? ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్ లాంటివి కొలెస్టరాల్ నుంచి తయారైన స్టెరాయిడ్లు. కొవ్వులో కలిసిపోతాయి గానీ నీళ్లలో సరిగా కరగవు. అందుకే కాలేయం వాటి రూపు మార్చి, సల్ఫేట్‌నో గ్లూకురోనిక్ ఆమ్లాన్నో తగిలిస్తుంది. అప్పుడవి నీళ్లలో కరిగి, కిడ్నీల దారిన బయటపడతాయి. రక్తపరీక్ష సూది గుచ్చిన క్షణం సంగతి చెబుతుంది. మూత్రం గంటల తరబడి పోగైన లెక్క చెబుతుంది. 24 గంటల మూత్రం పట్టి తెమ్మనడం అందుకే.

ఈ లెక్క పుట్టిన కొన్నాళ్లకే మొదలవుతుంది. మొదటి నెలల్లో లైంగిక హార్మోన్లు కొద్దికాలం పెరిగి, మళ్లీ ఏళ్ల తరబడి నిద్రపోతాయి. ఆరేడేళ్ల వయసులో కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు ముందుగా మేలుకుంటాయి. యవ్వనం తలుపు తట్టేది మాత్రం రాత్రిపూట. పిల్లలు నిద్రలో ఉండగా పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదలడం మొదలుపెడుతుంది. ఆ జాడ పొద్దున్నే పోసే తొలి మూత్రంలో దొరుకుతుంది.

పెద్దయ్యాక మగవారి మూత్రంలో 17-కీటోస్టెరాయిడ్లనే పదార్థాలు ఆడవారికంటే ఎక్కువ. అడ్రినల్ వాటా ఇద్దరికీ ఉన్నా, మగవారికి వృషణాల వాటా అదనం. వయసు మీదపడేకొద్దీ ఇద్దరిలోనూ ఇవి మెల్లగా తగ్గుతాయి. ఆడవారి లెక్క నెలలోనే ఎగిసిపడుతుంది. నెలసరి నడిమధ్యన ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరిగితే, ఒకటి ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. గర్భం నిలిచిందంటే హెచ్‌సీజీ అనే హార్మోన్ మొదట్లో రెండుమూడు రోజులకోసారి రెట్టింపవుతూ, సుమారు పదో వారానికి శిఖరం చేరి, ఆపైన తగ్గుతుంది. మందుల షాపులో కొనే ప్రెగ్నెన్సీ కిట్ మీద గీత గీసేది ఇదే.

అన్నిటికన్నా విచిత్రం ముట్లుడిగాక జరుగుతుంది. వయసుతో అన్నీ తగ్గుతాయనుకుంటాం కదా, ఇక్కడ ఒకటి పెరుగుతుంది. అండాశయం ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు మానేస్తుంది. అటునుంచి పలుకు లేకపోయేసరికి పిట్యూటరీ గొంతు పెంచి పిలిచినట్టు, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను ఎన్నో రెట్లు ఎక్కువగా వదులుతుంది. ఇటలీలో పియెరో డొనీని అనే శాస్త్రవేత్త ఆ వయసు దాటిన స్త్రీల మూత్రం నుంచే ఈ హార్మోన్లను శుద్ధిచేశాడు. వాటితో సంతానం కోసం వాడే మందు తయారీకి కావలసినంత మూత్రం కోసం క్రైస్తవ మఠాల్లోని వృద్ధ సన్యాసినులను ఆశ్రయించారు. ఆ మందు వాడిన తల్లికి 1962లో ఇజ్రాయెల్‌లో తొలి బిడ్డ పుట్టింది. పెళ్లీ పిల్లలూ వదులుకుని మఠంలో చేరినవారి మూత్రం, పిల్లల కోసం తపించేవారికి మందైంది.

ల్యాబ్ ఫారంలో వయసు, లింగం గడులను మనం ఆదరాబాదరాగా నింపేస్తుంటాం. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువని రిపోర్టు వచ్చిందనుకోండి. అరవై ఏళ్ల అమ్మమ్మకైతే అది వయసు చెప్పే మాట. పాతికేళ్ల మనవరాలికైతే డాక్టరు ఆరా తీయాల్సిన సంగతి. అంకె ఒకటే, అర్థం చెప్పేది ఆ రెండు గడులు.