కుట్లు మానక ముందే మళ్లీ దవాఖానకు

ఆపరేషనై ఇంటికి పోయిన మనిషికి నాలుగో రోజో అయిదో రోజో జ్వరం వస్తది. కడుపు ఉబ్బుతది, కుట్ల దగ్గర చీము పడుతది. ములుగు, భూపాలపల్లి దిక్కు పల్లెల్లో అయితే ముందు ఊరి ఆర్.ఎం.పి. సూది, ఆ తర్వాత రాత్రికి రాత్రి ఆటోలోనో 108లోనో వరంగల్. ఆపరేషన్ చేసినచోట "సారు లేడు, వేరే దవాఖానకు తీస్కపోండి" అంటరు. వేరేచోట "ఎవరు కోసిండ్రో వాళ్ల దగ్గరికే పో" అంటరు. ఈ రెండు గడపల మధ్య పోయే గంటల గురించే మేమిక్కడ మాట్లాడదలచుకున్నాం. ఆ గంటల్లోనే ప్రాణాలు పోతున్నాయి గనుక.

డిశ్చార్జి కాగితం చేతికిస్తే ఆపరేషన్ అయిపోయినట్టు కాదు. ఇది మా వాదన మాత్రమే కాదు, సర్కారు రాసుకున్న మాటే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం నిబంధనల్లో, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు, 30 రోజుల వరకు వచ్చే కాంప్లికేషన్లకు వైద్యం అదే ప్యాకేజీలో భాగం. అంటే కుట్లు చీము పట్టి తిరిగొచ్చిన పేషెంటు దగ్గర మళ్లీ డబ్బు అడిగే హక్కు ఆ నెట్‌వర్క్ ఆస్పత్రికి లేదు. 2023 డిసెంబర్ 9 నుండి తెలంగాణలో ఈ పథకం పరిమితి పది లక్షలైందని బస్సుల మీద బొమ్మలేసినా తెలుస్తది. ఈ 30 రోజుల ముచ్చట మాత్రం ఏ గోడ మీదా కనిపించదు.

ఇక ఆరోగ్యశ్రీ లేకున్నా, ఎమర్జెన్సీలో వచ్చిన మనిషిని ముందు చూడాల్సిందే. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇది బాధ్యతేనని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1992లో బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, సర్కారు దవాఖానలు ఒకదాని తర్వాత ఒకటి పడక లేదని, సౌకర్యం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేరాడు. అతని కోసం కోర్టుకు పోయింది కూలీల సంఘమే: పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి. 1996లో వచ్చిన తీర్పు, సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమే అన్నది. పైసలు లేవన్న సాకు సర్కారుకు చెల్లదన్నది. ఇరవై అయిదు వేల పరిహారం ఇప్పించింది. మన సంఘాలు ఈ తీర్పును ఎన్నిసార్లు వాడుకున్నాయో మనమే ప్రశ్నించుకోవాలి.

తిరిగొచ్చిన పేషెంటు మాట వినకపోతే ఏమైతదో ఇబ్రహీంపట్నం చూపించింది. 2022 ఆగస్టు 25న అక్కడి సర్కారు దవాఖానలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజులు తిరగకుండానే నలుగురు చనిపోయారు. వాళ్లకొచ్చిన వాంతులు, విరేచనాలు మామూలు జబ్బులాగే కనిపించాయి. మిగిలినవాళ్లను ఆ తర్వాత హైదరాబాదుకు తరలించి చూశారు. క్యాంపుల్లో ఇలా గుంపుగా కోసే పద్ధతిని ఆపాలని సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో 2016లోనే చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద ఎవరి ఆడవాళ్లు వరుసగా పడుకుంటారో వేరే చెప్పాలా? "గ్యాసమ్మా, తగ్గిపోతది" అనే మాట ఎవరికి సులువుగా వినిపిస్తదో కూడా మనకు తెలుసు.

కులం క్యాజువాలిటీలో పేరు పెట్టి పిలవదు. "నువ్వు" అన్న పిలుపులో, గాయాన్ని ముట్టకుండా దూరం నుంచే చూసి రాసే చీటీలో, "చదువుకున్నోళ్లెవరన్న ఉన్నరా" అన్న ప్రశ్నలో ఉంటది. దళితుల్ని ఆస్పత్రిలోకి రాకుండా అడ్డుకోవడం 2015 సవరణ తర్వాత అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. పిలుపులోని చులకనకు మాత్రం ఏ సెక్షనూ సులువుగా అతకదు.

మళ్లీ కోయాల్సి వస్తే మళ్లీ అంగీకారం తీసుకోవాలి. పాత వేలిముద్ర సరిపోదు. పరీక్షకని ఒప్పుకున్న మనిషికి గర్భసంచి తీసేయడం తప్పని 2008లో సమీరా కోహ్లీ కేసు తేల్చింది. మనిషి స్పృహలో లేక ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రమే మినహాయింపు.

అన్నిటికంటే కాగితం ముఖ్యం. కేసు షీటు, ఆపరేషన్ నోట్సు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు కట్టలేదని పేషెంటును ఆపొద్దని జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన హక్కుల పత్రంలో ఉంది. ఒక చిక్కు కూడా చెప్పాలి: 1995 నాటి శాంత కేసు తీర్పు ప్రకారం అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే దవాఖాన వినియోగదారుల కోర్టు కిందికి రాదు. అక్కడి అన్యాయానికి హైకోర్టో మానవహక్కుల కమిషనో దిక్కు.

కార్యకర్తలు పేషెంటు వెంట పోయినప్పుడు డాక్టర్లతో కొట్లాటకు దిగొద్దని మా మనవి. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు కూడా పని భారంతో నలిగేవాడే. డిశ్చార్జి కాగితం చూపించండి, ఆపరేషన్ తేదీ చెప్పండి, ఆరోగ్యమిత్రను పిలిపించండి. చేర్చుకోమంటే, ఎందుకు చేర్చుకోరో, టైమెంతో చీటీ మీద రాసి సంతకం పెట్టమని అడగండి. రాయనంటే టైము మీరే రాసుకోండి. అక్కడున్న ఇద్దరి పేర్లు కూడా.