వేడి, తడి, సందు: పాముల ర్యాకు కథ

పాముకి సొంత వేడి లేదు. మనం తిన్నదాంట్లో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. పాముకి ఆ ఖర్చు లేదు కాబట్టి ఒక ఎలుక తిని రోజుల తరబడి గడిపేస్తుంది. కానీ తిన్నది అరగాలన్నా, గుడ్లు పెట్టాలన్నా, జబ్బు నుంచి కోలుకోవాలన్నా వెచ్చటి చోటు వెతుక్కోవాలి. ఒళ్లు వేడెక్కాక చల్లటి చోటికి జరగాలి. అడవిలో ఆ వెతుకులాట దాని చేతిలో పని. పెట్టెలో పెట్టాక ఆ బాధ్యత పెట్టె కట్టినవాడిది. పాముల ర్యాకు అనే పరికరం పుట్టిందీ, మారుతూ వచ్చిందీ ఈ బాధ్యత చుట్టూనే.

అమెరికాలో పాముల్ని పెంచేవాళ్లు మొదట్లో వాటిని అక్వేరియం గాజుతొట్లలో ఉంచేవారు. గాజు లోపలి వేడిని ఇట్టే బయటికి వదిలేస్తుంది. పైన జాలీ మూత ఉంటే తేమ నిలవదు. పైగా బరువు. ఒకటీ రెండూ పాములకైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. గత శతాబ్దం చివరి దశకాల్లో కార్న్ స్నేక్‌లనీ, పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌లనీ ఇళ్లలోనే పిల్లలు పెట్టించడం ఊపందుకుంది. కార్న్ స్నేక్ ఒక్కసారికి పది నుంచి ముప్ఫై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన ప్రతి పిల్లనీ విడిగా ఉంచాలి. అన్ని గాజుతొట్లు ఎక్కడ పెడతారు? సామాన్ల దుకాణాల్లో దొరికే బూట్ల డబ్బాల సైజు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, మూతలు పక్కన పడేసి, సొరుగుల్లా అరల్లోకి తోశారు. పై అర అడుగుభాగమే కింది డబ్బాకి మూత. ర్యాకు అంటే ఇంతే.

ఈ చిన్న ఉపాయంలోనే పెద్ద చిక్కు ఉంది. మూత లేదు కాబట్టి డబ్బా అంచుకీ పై పలకకీ మధ్య సందే కాపలా. అప్పుడే పుట్టిన పిల్లపాము తల దూరితే ఒళ్లంతా దూరిపోతుంది. అందుకే పిల్లల ర్యాకులో ఆ సందుని రెండు మిల్లీమీటర్లు దాటనివ్వరు. మరీ తక్కువా కాకూడదు, డబ్బా జారాలి. రెండు మిల్లీమీటర్ల లెక్కని ఏళ్ల తరబడి నిలబెట్టగల పలక ఏది? ఇంట్లో ర్యాకు చేసుకునేవాళ్లు సరుకు ఎంచుకునేటప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే.

తొలి జవాబు మెలమైన్ బోర్డు. చెక్కపొట్టుని జిగురుతో కలిపి, వేడిచేసి నొక్కి పలక చేస్తారు. దానిపై మెలమైన్ రెసిన్ పట్టించిన కాగితం అతికిస్తారు. నున్నగా ఉంటుంది, తుడిస్తే శుభ్రమవుతుంది, చవక. కానీ 18 మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగులు బై నాలుగడుగుల షీటు ఒక్కటే దాదాపు 35 కిలోలు తూగుతుంది. అసలు శత్రువు మాత్రం నీళ్లు. నీళ్ల గిన్నెలోంచి చిందిన చుక్క పైభాగాన్ని ఏమీ చేయదు. కోసిన అంచు దగ్గరికో, స్క్రూ రంధ్రం దగ్గరికో చేరితే మాత్రం లోపలి పొట్టు తడిని పీలుస్తుంది. నొక్కుడుకి అణిగిన పొట్టు మళ్లీ విచ్చుకుంటుంది. అంచు ఉబ్బి కాగితం పైకి లేస్తుంది. తర్వాత ఎంత ఆరబెట్టినా పలక పాత మందానికి రాదు. ఉబ్బినచోట డబ్బా బిగుసుకుపోతుంది. మెలమైన్ వాడేవాళ్లు కోసిన ప్రతి అంచుకీ పట్టీ అతికించాలి, స్క్రూ రంధ్రాలకి సిలికాన్ పూయాలి. ఇందులో రాజీ లేదు.

ప్లైవుడ్ దీనికన్నా గట్టిది. కానీ పచ్చి చెక్క పాము మూత్రాన్ని, వాసనని పీల్చుకుంటుంది కాబట్టి వార్నిష్ పూత తప్పదు. వార్నిష్ వాసన పూర్తిగా పోయేదాకా పాముని లోపల పెట్టకూడదు. ఘాటు వాసన వేసే దేవదారు జాతి చెక్కల జోలికి అసలే వెళ్లకూడదు, వాటి ఆవిరి పాముల ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మన ఊళ్లలో వంటింటి అల్మరాలకీ, బాత్రూం తలుపులకీ వాడే పీవీసీ ఫోమ్ షీటే ఆ తర్వాత ర్యాకుల్లోకి వచ్చింది. లోపలంతా మూసుకున్న సన్నటి గాలి బుడగలు. అందుకే తేలిక, నీళ్లకి ఉబ్బదు, వేడిని దాటనిచ్చే గుణం ప్లైవుడ్‌లో దాదాపు సగం. లోపం ఒకటే, వంగుతుంది. సమంగా పరుచుకున్న బరువు కింద ఒక అర ఎంత వంగుతుందన్నది దాని పొడవుని బట్టి మారుతుంది, అదీ మామూలుగా కాదు: ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంగుడు పదహారు రెట్లు. మందం రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. కాబట్టి ఖరీదైన మందపాటి షీటు కొనడం కన్నా రెండేసి డబ్బాల మధ్య ఒక నిలువు పలక నిలబెట్టడం తెలివైన పని. నన్నడిగితే ఇంట్లో చేసుకునే ర్యాకుకి పీవీసీనే సరైన సరుకు, నిలువు పలకల దగ్గర పిసినారితనం చూపకపోతే.

డబ్బాలకి పాలీప్రొపిలీన్. ఇటలీలో జూలియో నాట్టా 1954లో రూపొందించిన ఈ ప్లాస్టిక్ 1957 నాటికి ఫ్యాక్టరీల్లోంచి రావడం మొదలైంది. ఆ పరిశోధనకి 1963లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. గాజులా మెరిసే పాలీస్టైరీన్ డబ్బా రంధ్రం వేయబోతే పగులుతుంది. పాలీప్రొపిలీన్ పగలదు. పాలలాంటి మసకదనం వల్ల లోపలికి వెలుతురు తగ్గి వస్తుంది, కలుగుల్లో దాక్కునే బాల్ పైథాన్‌కి అదే నెమ్మది. గాలి రంధ్రాలని సోల్డరింగ్ ఐరన్‌తో, ఆరుబయట, లోపలి నుంచి బయటికి వేయాలి. అప్పుడు కరిగి గట్టిపడిన గరుకు అంచు బయటివైపు ఉంటుంది, పాము ముట్టె గీరుకుపోదు. రంధ్రాలు మరీ ఎక్కువైతే తేమ పోయి కుబుసం ముక్కలుగా ఊడుతుంది. కళ్లమీది పొర అతుక్కుని మిగిలిపోతుంది.

ర్యాకుకి ప్రాణం వెనకభాగంలో పరిచే హీట్ టేప్. రెండు పాలిస్టర్ పొరల మధ్య కార్బన్ సిరాతో అచ్చువేసిన చారలు, రెండు అంచులా లోహపు పట్టీలు. కరెంటు ఆ చారల్లోంచి పోతూ వేడి పుట్టిస్తుంది. పలకలో గాడి తీసి టేపుని అందులో కూర్చోబెట్టాలి, లేకపోతే జారే డబ్బా దాన్ని రాసి చింపేస్తుంది. డబ్బాలో వెనక మూడోవంతు కిందే టేపు ఉండాలి. బాల్ పైథాన్‌కి ఆ వైపు 31, 32 డిగ్రీలు, ముందువైపు 25 నుంచి 27 డిగ్రీలు. ఇక్కడ జాగ్రత్త: అన్నివైపులా బిగించేసిన పీవీసీ వేడిని బాగా పట్టి ఉంచి, ముందుభాగాన్ని కూడా వెచ్చబెట్టేస్తుంది. పాముకి పారిపోయే చల్లటి మూల పోతుంది. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకుండా టేపు వేయడం మాత్రం నేరం లాంటిది. కాలే ఉపరితలం మీద కూడా పాము కదలకుండా పడుకుని ఒళ్లు కాల్చుకోగలదు. థర్మోస్టాట్ సెన్సరుని టేపుకీ డబ్బాకీ మధ్య కదలకుండా అంటించాలి. డబ్బు తక్కువైతే పలకల్లో తగ్గించుకోవచ్చు, థర్మోస్టాట్‌లో కాదు.

ర్యాకు పెద్ద పాముకి జీవితాంతపు ఇల్లు కావచ్చా? కాదని నా అభిప్రాయం. పాముకి ఒళ్లు తిన్నగా చాచుకునే చోటు కావాలి. పిల్లలకీ, జబ్బుపడ్డవాటిని వేరుగా ఉంచడానికీ ర్యాకు మంచిది, అంతవరకే.

చెన్నై దగ్గర వడనెమ్మేలిలో పాముని తగిన వేడిలో ఉంచే సమస్యకి మరో జవాబు ఉంది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఏర్పడిన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల్ని విషం తీయడానికి కొన్ని వారాలపాటు మట్టికుండల్లో ఉంచుతుంది. సగం ఇసుక, మూతికి కట్టిన నూలుగుడ్డ. చెన్నై ఎండలో పాముని వెచ్చబెట్టనక్కర్లేదు, వేడి నుంచి కాపాడాలి. అందుకు గాలిని ఆడనిచ్చే మట్టి, గుడ్డ చాలు. విషం తీశాక పాముల్ని తిరిగి వదిలేస్తారు.

మన దగ్గర ఈ ర్యాకు చదువుకోవడానికే తప్ప మన పాముల్ని పెట్టుకోవడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామునో కొండచిలువనో పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2022 సవరణతో, ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైటీస్ జాబితాలోని విదేశీ జంతువుల్ని పెంచేవాళ్లు కూడా వివరాలు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. ఇంట్లోకి పాము వస్తే డబ్బా వెతకకండి, అటవీశాఖకి ఫోను చేయండి.