పాలబండి చక్రపు నట్టు బిగుసుకుపోతే
(సంఘ కార్యదర్శులకు, రూటు వాహనాల డ్రైవర్లకు)

మన సంఘాల పని అంతా గడియారం మీద నడిచే పని. పొదుగు నుంచి వచ్చిన పాలు 37, 38 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనంతో ఉంటాయి. వాటిని 4 డిగ్రీల దాకా చల్లబరిచే వరకు సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. వేసవి వేడిలో అరగంటకొకసారి రెట్టింపు కాగలవు. గంటన్నర ఆలస్యమైతే ఒకటికి ఎనిమిది అవుతాయన్నమాట. బల్క్ కూలర్లు వచ్చిన గ్రామాల్లో ఈ తొందర కొంత తగ్గిన మాట నిజమే. కాని కూలరు దాకా క్యాన్లు మోసే బండికి ఇప్పటికీ అదే గడియారం.

కొన్నేళ్ల కిందట ఒక ఏప్రిల్ ఉదయం పర్చూరు నుంచి చిలకలూరిపేట వైపు వస్తున్న పాల వ్యానులో నేనూ ఉన్నాను. దారిలో వెనక చక్రం పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, స్పానరు ఉంది. ఐదు నట్లలో నాలుగు తేలికగానే వచ్చాయి. ఐదోది కదలలేదు. డ్రైవరు స్పానరు మీదెక్కి నిలబడ్డాడు. స్పానరు జారి నట్టు మూలలు అరిగిపోయాయి. ఆ తర్వాత ఎవరు ఏ ఉపాయం చెప్పినా దానికి పట్టు దొరకలేదు. గంటన్నర తర్వాత వేరే బండిలో పాలు కేంద్రానికి చేరితే, మరిగింపు పరీక్షలో క్యాను తర్వాత క్యాను విరిగింది. తెల్లవారుజామున లేచి పాలు పితికి పోసినవారికి ఆ పూట డబ్బు రాలేదు. తప్పు వారిది కాదు, గేదెది కాదు. ఒక్క నట్టుది.

ఆ రోజు మేము చేసిన తప్పులు మరొకరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

నట్టు ఎందుకు బిగుసుకుంటుంది?

ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. తుప్పు ఆక్రమించే చోటు అసలు ఇనుము ఆక్రమించే చోటుకంటే రెండింతలకు పైనే ఉంటుంది. స్టడ్డు మరకూ నట్టు మరకూ మధ్య ఉన్న సన్నని సందులో ఆ తుప్పు నిండి, మేకు దిగగొట్టినట్టు పట్టేస్తుంది.

మన ప్రాంతంలో దీనికి కారణాలు అనేకం. చీరాల, బాపట్ల వైపు ఉప్పుగాలి ఉంది. లోపలి మండలాల్లో వానాకాలం నల్లరేగడి బురద చక్రానికి పట్టి, రోజుల తరబడి తేమ వదలదు. పాలబండికి మరో రెండు ఇబ్బందులు అదనం. రోజూ కడుగుతాము కనుక నట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఒలికిన పాలు పులిసి ఆమ్లమై ఇనుమును తింటాయి.

అయితే నేరమంతా తుప్పుదే కాదు. టైరు దుకాణాలలో గాలి గన్నుతో హద్దు లేకుండా బిగించడం వల్ల, సైజు సరిపోని సాకెట్టు వాడడం వల్ల కూడా ఎన్నో నట్లు పాడవుతున్నాయి. మా ఐదో నట్టుకు అంతకుముందే ఈ రెండూ జరిగాయని తర్వాత తెలిసింది.

ముందుగా పాటించవలసిన క్రమం

బండిని గట్టి నేల మీద, రోడ్డు అంచుకు దూరంగా నిలపాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. నట్లు వదులు చేయడం చక్రం నేల మీద ఉండగానే జరగాలి. జాకీ మీద లేపిన బండికి బలం ప్రయోగిస్తే జాకీ పక్కకు జారుతుంది. నల్లరేగడిలో జాకీ దిగబడుతుంది కనుక దాని కింద వేయడానికి అడుగు వెడల్పున ఒక మందపాటి చెక్క పలక బండిలో ఎప్పుడూ ఉండాలి.

తిప్పే వైపు సరిచూసుకోవాలి. మామూలు నట్టు గడియారం ముల్లుకు ఎదురు తిప్పితే వదులవుతుంది. కాని పాత జీపులలో, కొన్ని పాత లారీలలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. అటువంటి నట్టును ముల్లు తిరిగే వైపే తిప్పి తీయాలి. ఈ సంగతి తెలియక వదులు చేస్తున్నామనుకుంటూ బిగించి, స్టడ్లు విరగ్గొట్టినవారు ఉన్నారు.

బలానికి ముందు నూనె, నూనెకు ముందు బ్రష్షు

బయటికి కనిపించే మరను వైరు బ్రష్షుతో శుభ్రంగా రుద్దాలి. తర్వాత తుప్పు వదిలించే పలుచని నూనె మర మొదట్లో, నట్టు వెనక అంచున పడేలా వేయాలి. అది దొరకని చోట కిరసనాయిలు గాని డీజిలు గాని కొంతవరకు పనిచేస్తుంది. చిక్కని ఇంజను ఆయిలు సందులోకి పోదు. నూనె బ్రేకు డ్రమ్ము మీద గాని డిస్కు మీద గాని పడకుండా చూడాలి. నూనె వేసి, నట్టు ముఖం మీద సుత్తితో పది పన్నెండు చిన్న దెబ్బలు వేయాలి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనెకు దారి ఇస్తుంది. మర మీద మాత్రం కొట్టరాదు. ఇలా చేసి పది నిమిషాలు ఆగాలి. ఆగడం కూడా పనిలో భాగమే.

తర్వాత స్పానరు వేసి, వదులు చేసే ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి చూడండి. వింతగా తోచినా ఇది పనికివచ్చే కిటుకు. ఎటు కదిలినా తుప్పు పట్టు విడుతుంది. కదిలిన నట్టును ఒక్కసారిగా లాగకుండా, పావు చుట్టు వెనక్కి, కొంచెం ముందుకు తిప్పుతూ మధ్యమధ్య నూనె వేస్తూ తీయాలి.

అప్పటికీ రాకపోతే స్పానరుకు గొట్టం తొడగాలి. అరమీటరు స్పానరు చివర 40 కిలోల బలం వేస్తే నట్టు మీద పడేది 20 కిలోగ్రాము మీటర్ల మెలి. గొట్టంతో పొడవు మీటరు చేస్తే అదే మనిషి, అదే బలం, మెలి మాత్రం 40. కనుక గొట్టం ఉన్నప్పుడు మీదెక్కి గెంతవలసిన అవసరం లేదు. గెంతితే స్పానరు జారుతుంది, లేదా స్టడ్డు విరుగుతుంది. కాలు విరిగినా విరగవచ్చు. సాకెట్టు నట్టు మీద పూర్తిగా కూర్చుని ఉండాలి. పన్నెండు మూలల సాకెట్టుకంటే ఆరు మూలలది నట్టును గట్టిగా పడుతుంది.

మంట పెట్టి వేడి చేయడం గురించి ఒక హెచ్చరిక. వేడికి నట్టు వ్యాకోచించి వదులయ్యే మాట నిజం. కాని టైరు ఉన్న చక్రం దగ్గర మంట గాని వెల్డింగు గాని పనికిరాదు. గాలి తీసేసినా సరే, కాగిన రబ్బరు నుంచి వెలువడే వాయువు అంటుకుని టైరు పేలగలదు. ప్రాణాలు పోయే పని ఇది.

మూలలు అరిగిన నట్టుకు

మూలలు అరిగితే మామూలు స్పానరుతో మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. ప్రతిసారీ మరికొంత అరుగుతుంది. ఒక సైజు చిన్నదైన ఆరు మూలల సాకెట్టును సుత్తితో కొట్టి నట్టు మీదికి ఎక్కించి తిప్పితే చాలాసార్లు వస్తుంది. లోపల మెలి తిరిగిన పళ్లుండే ప్రత్యేకమైన సాకెట్లు ఉన్నాయి. తిప్పేకొద్దీ అవి నట్టును ఇంకా గట్టిగా కరచిపట్టుకుంటాయి. ఒక్కో రూటు బండికి కాకపోయినా, కేంద్రానికి ఒక జత ఉండడం మంచిది.

చివరి ఉపాయం ఉలి. నట్టు అంచున ఉలి ఆనించి, వదులయ్యే వైపుకు ఏటవాలుగా కొట్టాలి. లేదా నట్టునే నిలువునా చీల్చాలి. కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయరాదు. ఇలా తీసిన నట్టును, దెబ్బతిన్న స్టడ్డును మళ్లీ వాడరాదు. ఒక స్టడ్డు తక్కువైన చక్రం మీద పాలు నింపి నడపరాదు.

పావుగంట నియమం

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. నట్టు మొరాయించిందని తెలిసిన క్షణాన గడియారం చూసుకోండి. నూనె వేసి ఆగే ఆ పది నిమిషాలలోనే కేంద్రానికి, ముందున్న సంఘానికి ఫోను చేయండి. పావుగంటలో నట్టు కదలకపోతే వేరే బండి పిలిపించి క్యాన్లు మార్చండి. అది వచ్చేలోగా క్యాన్లను నీడకు చేర్చి, తడి గోనెసంచులు కప్పండి. నట్టును మధ్యాహ్నం తీరికగా తీసుకోవచ్చు. పాలు మధ్యాహ్నం దాకా ఆగవు. ఆ ఏప్రిల్ ఉదయం మా చేతిలో ఫోను లేక కాదు, ఇంకొక్క పట్టు పడితే వచ్చేస్తుందన్న పంతం వల్ల గంటన్నర పోగొట్టుకున్నాము.

ఇదంతా లేకుండా ఉండాలంటే

నెలకొకసారి, పాలు దించిన తర్వాత, కేంద్రం ఆవరణలోనే ప్రతి నట్టును వదులు చేసి తిరిగి బిగించాలి. రాని నట్టు ఆ రోజే తెలుస్తుంది. టైరు మార్పించినప్పుడు నట్లను ముందు చేతితో ఎక్కించమనండి. చేతితో రెండు మూడు చుట్లు తిరగని నట్టు మర తప్పి ఎక్కుతున్నట్టే. బిగించేటప్పుడు వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి. చివరి బిగింపు బండి పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం ఉండాలి. కొలత చూపే స్పానరు కేంద్రానికి ఒకటి ఉంటే చాలు. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి సరిచూడాలి. తుప్పు పట్టదు కదా అని మరకు గ్రీజు పూయకండి. తయారీదారు చెబితే తప్ప మర పొడిగా, శుభ్రంగా ఉండాలి. గ్రీజు ఉన్న మరకు అదే బలంతో మోతాదు మించిన బిగింపు పడి స్టడ్డు సాగుతుంది.

బండిలో ఉండవలసినవి ఇవి: సరైన సైజు ఆరు మూలల సాకెట్టు, మీటరు గొట్టం, వైరు బ్రష్షు, నూనె డబ్బా, సుత్తి, చెక్క పలక, రెండు రాళ్లు, నాలుగు గోనెసంచులు. వీటి ఖర్చు ఒక్క పూట విరిగిన పాల ఖరీదు ముందు ఏపాటిది?

ఈ నెల కార్యవర్గ సమావేశంలో కార్యదర్శులు ఈ సంగతి చర్చించి, రూటు బండి నట్లు చివరిసారి ఎప్పుడు తీసి చూశారో డ్రైవరును అడగవలసిందిగా కోరుతున్నాము. జవాబు వెంటనే రాకపోతే, ఆ పని ఈ మధ్యాహ్నమే చేయించండి.